పేరు దాచుకొను కొలువు

పోలీసు ఉద్యోగముల ప్రకటన వెలువడిన ప్రతి పర్యాయమును, మా శిక్షణ తరగతికి వచ్చు విద్యార్థులలో ఇద్దరు ముగ్గురైనను పాఠము ముగిసి తక్కినవారు వెడలిపోవు వరకు వేచియుండి, బల్ల దగ్గరకు వచ్చి, స్వరము తగ్గించి, ఒక్కటే ప్రశ్న వేయుదురు: "సార్, అండర్‌కవర్ ఆఫీసర్ కావాలంటే ఏ పరీక్ష రాయాలి?" ఆ ప్రశ్న వెనుక 2006లో వచ్చిన 'పోకిరి' చిత్రము ఎంత కలదో, వీథిలో రౌడీగా తిరిగినవాడు కడపట పోలీసు అధికారిగా బయటపడు ఆ ఘట్టము యువహృదయములలో ఎంతగా నాటుకొనియున్నదో నాకు తెలియును. తెలిసియు ఆ ప్రశ్నను నేనెన్నడును తేలికగా తీసికొనలేదు. అడిగినవాని కన్నులలోని ఆరాటము నిజమైనది; అతనికి దక్కవలసిన సమాధానమును నిజమైనదే కావలెను. ఆ పేరుతో పరీక్ష లేదు, ఆ పేరుతో ఉద్యోగమును లేదు. కొలువులో చేరి, కొంతకాలము నలుగురిలో మెలగి, నమ్మకము సంపాదించుకొన్న పిమ్మట పైయధికారి యొకనాడు గదిలోనికి పిలిచి తలుపు మూసి అప్పగించు పని అది. ఆ కొలువుకు చేర్చు ద్వారములు ఉన్నవి, వానిని చెప్పెదను. కాని తలుపు తెరువకముందే లోపల ఏమున్నదో చెప్పుట న్యాయము.

ఈ పని యొక్క మిక్కిలి సౌమ్యమైన రూపమును మన నగరములోనే చూడవచ్చును. స్త్రీలను వేధించువారిని పట్టుటకు 2014 అక్టోబరు 24న హైదరాబాదులో ప్రారంభమైన షీ టీమ్స్‌లోని మహిళా కానిస్టేబులు, కళాశాలలు వదలు వేళ చుడీదారు ధరించి, భుజమున సంచి తగిలించుకొని, తాను ఎక్కబోని బస్సు కొరకు బస్టాపులో నిలుచుండును. రోడ్డుకు ఆవల టీ బండి దగ్గర ఆమె జట్టువాడొకడు చేత గ్లాసుతో నిలిచి, రహస్యముగా వీడియో తీయుచుండును. వేధించువాడు దగ్గరకు వచ్చినప్పుడు ఆమె ఆ జట్టువాని వంక చూడరాదు; చూచెనా, వల తెలిసిపోవును. చేయి చేసికొనరాదు, చేసికొనెనా, సాక్ష్యము సగములో తెగిపోవును. వాని మాటయు చేష్టయు చిత్రములో పడు వరకు, ఒళ్లు మండిపోవుచున్నను, ఏమియు ఎరుగని ఆడపిల్లవలె బెదరి పక్కకు జరుగుటయే ఆమె కర్తవ్యము. ఆ అరనిమిషపు ఓర్పే ఈ విద్యకు అక్షరాభ్యాసము. ధైర్యమును గూర్చి నన్ను అడుగు విద్యార్థులు అనేకులు. ఓర్పును గూర్చి అడిగినవానిని నేనింతవరకు చూడలేదు.

అవినీతి నిరోధక శాఖవారు పన్ను వలలో మరియొక పాఠము కలదు. లంచముగా ఈయవలసిన నోట్లకు ముందుగా ఫినాఫ్తలీన్ అను తెల్లని పొడిని పూయుదురు. అది కంటికి ఆనదు. ఫిర్యాదుదారుడు ఆ నోట్లతో లోపలికి పోవుచుండగా, సిబ్బంది అదే కార్యాలయపు వరండాలో అర్జీలు పట్టుకొని వచ్చిన రైతులవలె బల్లలపై కూర్చుందురు. సైగ అందినంతనే లోపలికి పోయి, పుచ్చుకొన్నవాని వ్రేళ్లను సోడియం కార్బొనేటు కలిపిన నీటిలో ముంచింతురు. ఏ రంగును లేని ఆ నీరు చూచుచుండగానే గులాబి రంగుకు తిరుగును. వార్తాపత్రికలో అచ్చగు కథ ఇంతవరకే. అటుపిమ్మట ఆ నీటిని సీసాలలో పోసి సీలు వేయుట, మధ్యవర్తుల నివేదిక వ్రాయుట, ప్రతి పుటపై సంతకములు పెట్టించుట, ఏ నిమిషమున ఎవరు ఎక్కడ నిలిచిరో పొల్లుపోకుండ నమోదు చేయుట అను పని రాత్రి పొద్దుపోవు వరకు సాగును. లంచము అడిగినట్లు రుజువు కానిదే నోట్లు దొరికినంత మాత్రమున శిక్ష నిలువదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పియున్నది. కావున మారువేషము వేసినవాడు ఎంత చక్కగా నటించినను, ఏండ్ల తరువాత కోర్టు బోనులో నిలిచి, ప్రతివాది న్యాయవాది గ్రుచ్చి గ్రుచ్చి అడుగుచుండగా ఆనాటి సంగతులను తడబడక చెప్పలేకపోయినచో, ఆ నటన యంతయు బూడిదలో పోసిన పన్నీరే.

ఇవి కొన్ని గంటల వేషములు. ఏండ్ల తరబడి వేరొకని బ్రతుకు బ్రతుకవలసివచ్చినప్పుడు ఏమి జరుగునో తెలిసికొనుటకు అమెరికాలోని ఎఫ్.బి.ఐ. అధికారి జోసెఫ్ పిస్టోన్ చరిత్రమును మించిన పాఠ్యగ్రంథము నాకు కనబడలేదు. 1969లో ఆ సంస్థలో చేరిన పిస్టోన్, 1976లో డానీ బ్రాస్కో అను పేరు ధరించి, నగలు దొంగిలించువానిగా న్యూయార్కు మాఫియాలోనికి ప్రవేశించెను. దొంగ అని చెప్పుకొన్నంతనే దొంగలు నమ్మరు. కనుక రత్నముల మేలిమి, వెల, అసలు నకిలీల భేదము ముందుగా నేర్చుకొనెను. ఆపైన నెలల తరబడి వారు వచ్చిపోవు మద్యశాలలలో కూర్చుండెనే కాని, ఎవ్వరిని పేరడుగలేదు, ఎవ్వరి మాటలలోను తలదూర్చలేదు. ఆరాటపడి అడుగువాడు పోలీసువాడని వారికి తెలియును; అక్కరలేనట్లు కూర్చున్నవానిని వారే పలుకరింతురు. ఈ ఒక్క సంగతి గ్రహించిన విద్యార్థికి నా వ్యాసములో సగము అర్థమైనట్లే.

అట్లు పలుకరించినవారిలో బొనానో కుటుంబమునకు చెందిన బెంజమిన్ రుజియెరో అతనిని తన మనిషిగా చేరదీసెను. ఆ ముఠాలో నాయకుడైన డొమినిక్ నపోలిటానో అతనిని కుటుంబములో పూర్తి సభ్యునిగా చేయించవలెనని సంకల్పించెను. అందులకు ముందు ఒక హత్య చేయవలసినదని ఆజ్ఞయు వచ్చెను. అంతటితో 1981 జూలైలో ఎఫ్.బి.ఐ. ఆ నాటకమునకు తెర దించి, అధికారులను పంపి, ఇన్నాళ్లును మీతో తిరిగిన డానీ మావాడని నపోలిటానోకు తెలియజెప్పెను. పగవానిని ఇంట చేర్చుకొన్న నేరమునకు అతనివారే కొలదివారములలో అతనిని చంపిరి. శవము 1982 ఆగస్టులో గాని దొరకలేదు. పిస్టోన్ సేకరించిన సాక్ష్యముతో 200 మందికి పైగా అభియోగములు మోపబడెను, 100 మందికి పైగా శిక్షలు పడెను. మాఫియావారు అతని తలకు 5 లక్షల డాలర్ల వెల కట్టిరి. అతని భార్యయు ముగ్గురు కుమార్తెలును ఊరు విడిచి, పేరు దాచుకొని బ్రతుకవలసివచ్చెను. ఆ యేండ్లలో తండ్రి ఇంటనుండిన దినములు అత్యల్పము. ఆ బాలికలు పెరిగిన కాలము ఏ విజయపత్రముతోను తిరిగి వచ్చునది కాదు.

నేను ఈ కథను తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు 5 లక్షల డాలర్ల దగ్గర ఉలికిపడుదురు. నాకు మాత్రము నపోలిటానో దగ్గరనే మనస్సు ఆగిపోవును. అతడు నేరస్థుడు, సందేహము లేదు. అయినను ఒక మనుష్యుడు మరియొకని నమ్మి తోడు తిప్పుకొని, ఆ నమ్మకమే కారణముగా ప్రాణము కోల్పోయెను. ధర్మము తన పక్షముననున్నదని తెలిసిన అధికారికి సైతము, తన పక్కన కూర్చుండి భుజించినవాని మరణము గుండెపై బరువే. ఆ బరువును మోయుట ఏ శిక్షణాలయమును నేర్పజాలదు. మోయలేకపోవుటలో అవమానమును లేదు. అది ముందే తెలిసికొని వేరొక విభాగము ఎంచుకొన్నవానిని నేను పిరికివాడనను, వివేకి యందును.

ప్రాణభయము కంటె ఘోరమైన అపాయము ఇంకొకటి కలదు. అది తనను తాను మరచిపోవుట. లండను మహానగర పోలీసులు 1968లో వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనల అనంతరము నెలకొల్పిన ఒక రహస్య దళము 2008 వరకు నడచెను. ఆ దళమువారు రాజకీయ, సామాజిక ఉద్యమములలో చేరి యేండ్లకొలది మారుపేర్లతో బ్రతికిరి. అందు పలువురు, పసితనముననే మరణించిన బిడ్డల పేర్లను, జన్మతేదీలను ఆ బిడ్డల తల్లిదండ్రులకు తెలియకుండ తమవిగా చేసికొనిరి. కొందరు తాము కనిపెట్టవలసిన ఉద్యమములలోని స్త్రీలతో ప్రేమ నటించి కాపురములు చేసి, పని ముగిసిన మరునాడు మాయమైరి. బిడ్డలను కన్నవారును కలరు. 2015 నవంబరులో పోలీసు శాఖ ఏడుగురు స్త్రీలకు బహిరంగముగా క్షమాపణ చెప్పవలసివచ్చెను. న్యాయమూర్తి ఆధ్వర్యమున విచారణ సంఘమును ఏర్పడెను. ఆ అధికారులు లంచగొండులు కారు, పిరికివారు కారు. ఎంతవరకు పోవచ్చునో గీత గీసి చూపినవారు లేక, తమలో తాము గీసికొనక, వేషమునకును మనిషికిని నడుమనున్న పొరను చింపుకొన్నవారు. తన్ను నమ్మిన స్త్రీ జీవితమును నాశనము చేసి తెచ్చిన సమాచారము దేశసేవ యని నేను అంగీకరింపను. పైయధికారి ఆదేశించినను కాదని చెప్పగల వెన్నెముక లేనివాడు ఈ దారి త్రొక్కరాదు.

మన గ్రామములకు వచ్చినచో, 'కోవర్టు' అనియు 'ఇన్ఫార్మరు' అనియు మాటలు ఎట్టివో ఉత్తర తెలంగాణమునందును, ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యమునందును పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ముద్ర పడినంత మాత్రమున మావోయిస్టుల చేతిలో ప్రాణములు పోయిన సామాన్యులు కలరు. రహస్య సమాచారపు పనిలో మొదటి దెబ్బ అధికారికి తగులదు. అతనికి ఒక మాట చెప్పిన పేదవానికి తగులును. అధికారికి బదిలీ కలదు, క్వార్టరు కలదు. ఆ పేదవానికి అదే గుడిసె, అదే త్రోవ. పోలీసు అధికారి తనకు సమాచారము ఎవరిచ్చిరో చెప్పవలెనని నిర్బంధింపరాదని 1872 నాటి సాక్ష్య చట్టపు 125వ సెక్షను విధించెను. ఆ రక్షణ ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమములోను నిలిచియున్నది. చట్టము ఇచ్చిన ఆ మౌనమును టీ కొట్టు దగ్గర గొప్పకు పోయి పోగొట్టుకొన్నవాని చేతికి నెత్తురంటును.

మరియొక జాగ్రత్తను కౌటిల్యుడు ఏనాడో చెప్పెను. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అని శిష్యుని, సన్న్యాసిని, రైతును, వర్తకుని, తపస్విని వేషములుగా ఎంచి చూపిన ఆ అర్థశాస్త్రకారుడు, చారులు ఒకరినొకరు ఎరుగరాదనియు, మువ్వురు చెప్పినది ఒక్కటైనప్పుడే నమ్మవలెననియు నియమించెను. పల్లెలో ఒకడు వచ్చి ఫలానావాడు దొంగసొమ్ము దాచెనని చెప్పినచో, ఇద్దరికిని గట్టు తగాదా కలదేమో మొదట విచారింపవలెను. ఒక్కని మాట పట్టుకొని ఇల్లు సోదా చేయించిన అధికారి నిరపరాధి పరువును పదిమందిలో పోగొట్టినవాడగును.

ఇక ద్వారముల సంగతి. ఇంటర్మీడియటు చదివినవారు కానిస్టేబులుగాను, డిగ్రీ చదివినవారు ఎస్.ఐ.గాను రాష్ట్ర పోలీసు నియామక మండలుల పరీక్షల ద్వారా చేరవచ్చును. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారి సి.జి.ఎల్. పరీక్ష ద్వారా సి.బి.ఐ.లో సబ్ ఇన్‌స్పెక్టరు పోస్టులు లభించును. 1887 నాటి మూలములు గల ఇంటెలిజెన్స్ బ్యూరో తన పరీక్షలను తానే నడుపును: డిగ్రీ గలవారికి అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ (ఏ.సి.ఐ.ఓ.) గ్రేడు-2, పదవ తరగతి గలవారికి సెక్యూరిటీ అసిస్టెంటు. రెండింటికిని సాధారణ వయఃపరిమితి 18 నుండి 27 ఏండ్లు. ఏ.సి.ఐ.ఓ.కు గంట వ్యవధిలో 100 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. తరువాత వ్యాసరచన, పిమ్మట ముఖాముఖి. మూలవేతనము 44,900 రూపాయలతో మొదలగును. సెక్యూరిటీ అసిస్టెంటుకు 21,700తో. మూలవేతనములో 20 శాతము ప్రత్యేక భద్రతా భత్యమును కలదు. దేశమున ఎక్కడికి పంపినను పోవలెను.

సెక్యూరిటీ అసిస్టెంటు ఎంపికలో స్థానిక భాషా పరిజ్ఞానమును పరీక్షింతురని తెలిసి మా విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. కరీంనగరు మాటకును కాకినాడ మాటకును గల తేడా, సంతలో బేరమాడు తీరు, చావు ఇంటి వాకిట ఏమి పలుకవలెను, ఏమి పలుకరాదు అను తెలివి, ఇవియే ఈ పనిలో ఆయుధములు. ఆంగ్లము రాదని కుమిలిపోవు పల్లెటూరి బాలునికి, తన నాన్నమ్మ నోట విన్న పలుకుబడియే ఇక్కడ పెట్టుబడి.

నిబంధనలు కూడ వినవలెను. ఇంటెలిజెన్స్ బ్యూరో వారికి అరెస్టు చేయు అధికారము లేదు. వారు తెచ్చిన వార్తపై అరెస్టు చేయువాడు వేరు, ఫొటోలో నిలుచువాడు వేరు. 1985 నాటి చట్టమొకటి ఇట్టి సంస్థల ఉద్యోగులు సంఘములు పెట్టుకొనుటను, పత్రికలవారితో మాటలాడుటను కట్టడి చేసినది. 2021లో సవరించిన పింఛను నియమముల ప్రకారము, పదవీ విరమణ చేసిన పిమ్మట సైతము సంస్థకు సంబంధించిన విషయములను ముందస్తు అనుమతి లేనిదే ప్రకటింపరాదు. అనగా మనుమలకు చెప్పుకొనుటకు సైతము కథ మిగులదు. పిల్లవాని ప్రోగ్రెసు కార్డుపై సంతకము చేయుటకు తీరిక దొరకునో లేదో చెప్పలేము. అమ్మకు, కట్టుకొనబోవు ఆమెకు ఈ మాట ముందుగా చెప్పి, వారి ముఖము చూచి, అప్పుడు దరఖాస్తు నింపుడు.

కొన్ని ఏండ్ల క్రిందట అట్లు బల్ల దగ్గరకు వచ్చి అడిగినవారిలో ఒకడు, వెనుక బెంచీలో కూర్చుండి నోరు మెదపనివాడు, పరీక్షలో నెగ్గి వెళ్లిపోయెను. నిరుడు అతని పెండ్లికి పోతిని. శుభలేఖలో వరుని పేరు క్రింద 'కేంద్ర ప్రభుత్వోద్యోగి' అని మాత్రము అచ్చు వేయించిరి. అతని తండ్రిది ఆ ఊరిలోనే చిన్న కిరాణా కొట్టు. పెండ్లి మరునాటి ఉదయము ఆయన కొట్టు తెరచి కందిపప్పు తూచుచుండగా, పొరుగూరి బంధువొకడు నా ఎదుటనే అడిగెను: "మీ వాడిది ఏం ఉద్యోగం బావా, ఎక్కడ?" ఆయన తక్కెడ ముల్లు వంక చూచుచునే, "సెంట్రల్ గవర్నమెంటు రా, ఏదో ఆఫీసు పని," అని చెప్పి, పొట్లము కట్టి, దారము త్రెంపి అతని చేతికిచ్చెను.