చైనా దయ్యాల కథలు - సినిమాలు వదిలేసిన సంగతులు

దయ్యాల సినిమా అంటే హాస్టల్ విద్యార్థులకు ఎంత భయమో అంత సరదా. చూసినంతసేపు అరుస్తాం, మర్నాటికి మరచిపోతాం. కానీ దయ్యాల కథలు భయపెట్టడానికి మాత్రమే పుట్టలేదు. బతికుండగా మాట చెల్లని మనుషుల గోడు చాలాసార్లు దయ్యం నోట పలుకుతుంది. చైనా దేశపు పాత కథలను, వాటి ఆధారంగా వచ్చిన సినిమాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఈ చిన్న వ్యాసంలో ఆ పని చేద్దాం.

కథలు రాసింది ఎవరు?

పేరు పొందిన చైనా దయ్యాల సినిమాల్లో ఎన్నింటికో మూలం ఒకే పుస్తకం. దాని పేరు 'లియావ్‌జాయ్ జీయీ'. లియావ్‌జాయ్ అనేది రచయిత తన చదువుగదికి పెట్టుకున్న పేరు. ఆ గదిలో కూర్చి రాసిన వింత కథలు అని అర్థం చెప్పుకోవచ్చు. ఇందులో దాదాపు 500 కథలున్నాయి. రచయిత పు సోంగ్‌లింగ్ (1640-1715) షాన్‌డోంగ్ రాష్ట్రంవాడు.

ఆ కాలంలో చైనాలో సర్కారు కొలువుకు ప్రధానమైన దారి పరీక్షలే. పు సోంగ్‌లింగ్ 1658లో తొలిమెట్టు పరీక్షలో ప్రథముడిగా నెగ్గాడు. ఆ పై మెట్టయిన రాష్ట్రస్థాయి పరీక్షను మాత్రం ఎన్నిసార్లు రాసినా దాటలేకపోయాడు. ఒక ధనికుల ఇంట పిల్లలకు పాఠాలు చెబుతూ సుమారు 30 ఏళ్ళు గడిపాడు. డెబ్బై ఏళ్ళు దాటాక 1711లో ఒక గౌరవ హోదా మాత్రం దక్కింది. పుస్తకం అచ్చయింది 1766లో, అంటే ఆయన పోయిన 51 ఏళ్ళకు.

ఒక కథ, రెండు సినిమాలు

ఈ పుస్తకంలో బాగా ప్రసిద్ధమైన కథ 'న్యే షియావ్‌చియెన్'. దీన్ని హాంకాంగ్‌లో షా బ్రదర్స్ సంస్థకు లీ హాన్‌షియాంగ్ 'ది ఎన్‌చాంటింగ్ షాడో' పేరుతో 1960లో తీశాడు. అదే ఏడాది కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. 1987లో సూయ్ హార్క్ నిర్మాతగా, చింగ్ సియు-టుంగ్ దర్శకుడిగా 'ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ' వచ్చింది. లెస్లీ చియుంగ్, జోయ్ వాంగ్ నటించారు. గాలిలో ఎగిరే పోరాటాలు, పొడవాటి నాలుకతో మనుషుల్ని చుట్టేసే చెట్టు దయ్యం, ఆడదయ్యంతో ప్రేమ - అన్నీ కలిసి పెద్ద పేరు తెచ్చాయి. 1990, 1991లలో కొనసాగింపులు, 2011లో కొత్త రూపం వచ్చాయి.

1987 సినిమాలో నాయకుడు బాకీలు వసూలు చేసే పేద యువకుడు. లెక్కల పుస్తకం వానలో తడిసిపోతుంది, బాకీలు రావు. చేతిలో డబ్బు లేక పాడుబడిన గుడిలో పడుకుంటాడు. మూలకథలో అతడు గుడికి చేరిన కారణం వేరు. పరీక్షాధికారి వస్తున్నాడని పట్నంలో గదుల అద్దెలు పెరిగిపోయాయి, అందుకని గుడిలో దిగాడు! మూడు వందల ఏళ్ళ కిందటి ఈ వాక్యం చదివి మేము నవ్వుకున్నాం. కోచింగ్ కోసం పట్నం వెళ్ళి అద్దెగది వెతికినవారికి ఇది చైనా సంగతిలా అనిపించదు.

ముగింపులోనూ తేడా ఉంది. సినిమాలో తెల్లవారేసరికి ఆమె మరో జన్మకు వెళ్ళిపోతుంది, ఇద్దరూ విడిపోతారు. కథలో అతడు ఆమె ఎముకలు తెచ్చి తన ఇంటి దగ్గరే పాతిపెడతాడు. ఆమె ఇంటికి వస్తుంది. తల్లి భయపడుతుంది. పగలంతా ఆమె నీళ్ళు తెస్తుంది, వంట చేస్తుంది, అత్తను చూసుకుంటుంది. చీకటి పడగానే మాత్రం ఆ తల్లి పంపించేస్తుంది. చాన్నాళ్ళకు గానీ మనసు మారి ఉండనివ్వదు. పని కావాలి, రాత్రికి ఇంట్లో చోటు లేదు! ఈ మాట మనకు విడమరచి చెప్పనక్కరలేదు. సినిమా కన్నీళ్ళు పెట్టించింది కానీ ఈ గడప సంగతి వదిలేసింది.

ఈ కథలో మన దేశపు జాడ కూడా ఉంది. గుడిలో చంపడానికి వచ్చే భూతాన్ని చైనాలో 'యేచా' అంటారు. అది మన యక్షుడే, బౌద్ధ గ్రంథాలతో పాటు అక్కడికి వెళ్ళాడు. చైనావారి యెన్‌లువో మన యముడే.

విద్యార్థి పోయి సేనాని వచ్చాడు

'పెయింటెడ్ స్కిన్' మరో కథ. ఒక చదువుకున్నవాడు దారిలో కనబడిన అందగత్తెను ఇంటికి తెస్తాడు. ఒకనాడు కిటికీలోంచి చూస్తే పచ్చని ముఖం, రంపం లాంటి పళ్ళున్న భూతం మనిషి చర్మానికి కుంచెతో రంగులు వేస్తుంటుంది. తర్వాత అది అతడి గుండె పెరికి తీసుకుపోతుంది. భార్య నలుగురిలో అవమానం దిగమింగి, పిచ్చి భిక్షగాడు ఉమ్మింది మింగి, భర్తను బతికించుకుంటుంది. దీన్ని 1966లో బావో ఫాంగ్, 1993లో కింగ్ హు, 2008లో గోర్డన్ చాన్ తెరకెక్కించారు. 2008 సినిమాలో భూతం ప్రేమించే ఆడనక్క అయింది, చదువుకున్నవాడు సేనాని అయ్యాడు.

మనం చదవవలసిన కథ

ప్రేమ లేని కథ ఒకటి ఉంది - 'యే షెంగ్'. గొప్పగా రాయగలిగినా ఎప్పుడూ పరీక్ష తప్పే పేద విద్యార్థి యే. అతడి ప్రతిభ గుర్తించిన ఒక అధికారి తన వెంట తీసుకెళ్ళి కొడుక్కి చదువు చెప్పిస్తాడు. ఆ కుర్రవాడు పాసవుతాడు. తర్వాత యే కూడా పాసై గర్వంగా ఇంటికి వస్తాడు. చేట పట్టుకుని బయటికొచ్చిన భార్య అతణ్ణి చూసి, చేట విసిరేసి పారిపోతుంది. నువ్వు పోయి ఎన్నాళ్ళయిందో, డబ్బులేక పాతిపెట్టలేదు అంటుంది. లోపల తన శవపేటిక చూసి అతడు మాయమవుతాడు. బట్టలు మాత్రం నేల మీద మిగులుతాయి.

తాను చచ్చిపోయానని కూడా తెలియక చదువు చెప్పిన మనిషి! ఇందులో పు సోంగ్‌లింగ్ సొంత బాధ కనిపిస్తుంది. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఒక పరీక్ష పోతే మనిషే పోయినట్టు ఇంటికి ముఖం చూపించలేని రోజులు మనకు తెలుసు. ఆ పరీక్షల పద్ధతి 1905లో రద్దయింది. పై పరీక్ష నెగ్గని ఆ పంతులు కథలు మాత్రం నేటికీ సినిమాలవుతున్నాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇక మీదట ఏ దయ్యం సినిమా చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ దయ్యం బతికుండగా ఎవరు? అన్యాయం చేసింది ఎవరు? మూలకథలో ఉన్నది సినిమాలో ఏది లేదు? జవాబులు నోటుబుక్కులో రాసుకుంటే అదే మంచి వ్యాసం అవుతుంది.

యే కథ శవపేటిక దగ్గరే ఆగలేదు. అతడి దగ్గర చదివిన ఆ కుర్రవాడు గురువుకు గౌరవంగా అంత్యక్రియలు చేయించి, గురువు కొడుక్కి చదువు చెప్పేందుకు పంతుల్ని పెట్టాడు. ఆ పిల్లవాడు కూడా తొలిమెట్టు పరీక్ష పాసయ్యాడు.