కఫం రాకపోతే క్షయ లేనట్లేనా?

కిషన్‌బాగ్‌లో నేను అద్దెకుంటున్న ఇంటివారి పెద్దావిడను అందరిలాగే నేనూ దాదీ అంటాను. నిరుడు చలికాలంలో ఆమెకు నెలన్నరపాటు పొడిదగ్గు, సాయంత్రమైతే జ్వరం. పరీక్షకని డబ్బీ ఇచ్చారు. ఎంత దగ్గినా కఫం రాలేదు. చివరికి నోట్లో ఊరిన ఉమ్మే ఇచ్చివచ్చింది. క్షయ క్రిములు కనబడలేదని కాగితం వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. సైన్సు చదువుతున్న నేనైనా ఒక్కమాట అడగలేదు: పరీక్ష చేసింది దేనిని?

మా ఊళ్లో మట్టి పరీక్షకు పైనున్న చెత్త తీసేసి, జానెడు లోతు తవ్వి మన్ను తీస్తాం. ఇదీ అంతే. ఉమ్మి నోటిది, కఫం ఊపిరితిత్తులది.

1882లో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని లోకానికి చూపాడు. కాని సూక్ష్మదర్శినిలో అది కనబడాలంటే మిల్లీలీటరు కఫంలో సుమారు 5 వేల నుంచి 10 వేల క్రిములుండాలి. కనుక "కనబడలేదు" వేరు, "లేదు" వేరు.

మరి కఫం రానివారికి దారేమిటి? తెల్లవారగానే, ఏమీ తినకముందు, నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు నిండుగా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి, లోపలినుంచి దగ్గాలి. ఈ పని ఆరుబయట, మనుషులకు దూరంగా చేయాలి. అప్పటికీ రాకపోతే ఆసుపత్రిలో 3 నుంచి 5 శాతం ఉప్పునీటిని నెబ్యులైజరుతో తుంపరగా పీల్పిస్తారు. పసిపిల్లలు కఫాన్ని మింగేస్తారు గనుక పరగడుపున గొట్టంతో కడుపులోని ద్రవం తీస్తారు, మలాన్నీ పరీక్షించవచ్చు. అవసరమైతే బ్రాంకోస్కోపుతో ఊపిరితిత్తుల లోపలినుంచే నమూనా తీస్తారు.

దొరికిన నమూనాను సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలలో వేస్తే, సూక్ష్మదర్శినికి చిక్కని కొద్దిపాటి క్రిములూ బయటపడతాయి. రిఫాంపిసిన్ మందుకు అవి లొంగుతాయో లేదో కూడా తెలుస్తుంది. ఎక్స్‌రే మచ్చను చూపుతుందేగాని ఈ సంగతి చెప్పలేదు. నమూనా కోసం ఇంత పాటుపడేది అందుకే. ఏ విధంగానూ చిక్కనప్పుడు లక్షణాలు, ఎక్స్‌రే కలిపి చూసి డాక్టరే నిర్ణయిస్తారు.

దాదీకి దగ్గు తగ్గక మళ్లీ తీసుకుపోయాం. ఉప్పునీటి తుంపరతో కాస్త కఫం వచ్చింది. ట్రూనాట్‌లో క్షయ తేలింది. ఆరు నెలలు మందులు మింగి ఇప్పుడు తిరుగుతున్నది. కాని నడుమ పోయిన ఆ నెలరోజులూ నాలుగేళ్ల మనుమడు ఆమె పక్కలోనే పడుకున్నాడు. వాడినీ పరీక్ష చేయించాం, ఏమీ లేదన్నారు. మాకు ప్రాణం లేచివచ్చింది.

సెలవులకు ఊళ్లకు పోయే మిత్రులారా! రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా సర్కారు దవాఖానాకు తీసుకుపోండి. అక్కడ పరీక్ష, మందు రెండూ ఉచితమే. డబ్బీలో పడింది కఫమో ఉమ్మో ఒకసారి చూడండి. నేను చూడలేదు.