నరం అంటే ఏది? చేతిలోని రక్తనాళాలు, నాడులు

రోగి బంధువుల నోట తరచుగా వినిపించే మాట "నరం". "సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు" అంటారు. "పలక కోసే మిషన్ తగిలి నరం తెగింది" అంటారు. "నరం బలహీనమై చేయి తిమ్మిరెక్కుతోంది" అంటారు. ఈ మూడింటిలో నరం ఒకటి కాదు. మొదటిది రక్తాన్ని మోసే సిర. రెండవది కండను ఎముకకు కలిపే గట్టి తాడు కావచ్చు. దీనిని వైద్యులు టెండాన్ అంటారు. మూడవది మెదడు ఆజ్ఞలను కండలకు, చర్మపు స్పర్శను మెదడుకు చేరవేసే నాడి.

ఈ తేడా తెలియకపోతే నష్టం ఏమిటి? రక్తం ఆగిపోతే గాయం మానినట్లే అనుకొని ఇంటికి వెళ్ళిపోతారు. రెండు నెలల తరువాత చూస్తే వేలు ముడవదు, లేదా కాలినా తెలియదు. మార్కాపురం పలకల గనులలో, కటింగ్ మిషన్ల దగ్గర, గిద్దలూరు, కంభం పొలాలలో చేతి కష్టం మీదే బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి చేతి లోపల ఏమున్నదో ఇంటిలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

రక్తం వచ్చే దారి, పోయే దారి

కంభం చెరువు నీరు తూము నుండి పెద్ద కాలువకు, అక్కడి నుండి పిల్ల కాలువలకు, చివరికి మడికి చేరుతుంది. చేతిలో రక్తం కూడా ఇలాగే ప్రవహిస్తుంది. గుండె నుండి వచ్చే పెద్ద ధమని చంక గుండా దిగి, దండచేయి లోపలి వైపుగా మోచేతి వరకు వస్తుంది. బి.పి. చూసేటప్పుడు పట్టీ బిగించేది దీని మీదే. మోచేతి దగ్గర ఇది రెండుగా చీలుతుంది. ఒకటి బొటనవేలి వైపు, మరొకటి చిటికెన వేలి వైపు దిగుతాయి. మణికట్టు వద్ద బొటనవేలి వైపు మనం చూసే నాడి కొట్టుకోవడం మొదటి దానిదే. అరచేతిలో ఈ రెండూ మళ్ళీ కలిసి వంపులుగా ఏర్పడి వేళ్ళకు రక్తాన్ని పంచుతాయి.

తిరుగు ప్రయాణం సిరల ద్వారా జరుగుతుంది. చర్మం కింద నీలంగా కనిపించేవి ఇవే. రక్త పరీక్షకు, సెలైన్‌కు సూది గుచ్చేది సిరకే. ధమనిలో ఒత్తిడి ఎక్కువ కనుక, అది తెగితే ఎర్రని రక్తం చిమ్ముతుంది. సిర తెగితే ముదురు రంగు రక్తం కారుతుంది.

1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు రక్తం శరీరంలో తిరుగుతూ ఉంటుందని తన పుస్తకంలో నిరూపించాడు. అందుకు ఆయన వాడిన సాధనాలలో చేతికి కట్టిన పట్టీ ఒకటి. పట్టీని బాగా బిగిస్తే ధమని మూసుకొని మణికట్టు దగ్గర నాడి ఆగిపోతుంది, చేయి చల్లబడుతుంది. కొంచెం వదులు చేస్తే రక్తం లోపలికి వస్తుంది గాని బయటికి పోలేదు. సిరలు ఉబ్బుతాయి, చేయి వాస్తుంది. ఈ రెండవ సంగతిని గుర్తుంచుకోండి. కట్టు బిగిసినప్పుడు జరిగే ప్రమాదం ఇక్కడి నుండే మొదలవుతుంది.

మూడు ముఖ్యమైన నాడులు

మెడలోని వెన్నుపాము నుండి వచ్చే ఐదు నాడీ మూలాలు చంక పైభాగాన వలలా అల్లుకొని చేతిలోకి దిగుతాయి. వాటిలో అరచేతి దాకా పని చేసే నాడులు మూడు.

రేడియల్ నాడి: దండచేయి ఎముక వెనుకగా చుట్టుకొని వస్తుంది. మణికట్టును, వేళ్ళను పైకి ఎత్తుతుంది. ఇది దెబ్బతింటే మణికట్టు వాలిపోతుంది. మంచం పట్టె మీద లేక కుర్చీ అంచు మీద చేయి వేసి గాఢంగా నిద్రపోయిన వారికి కూడా ఇలా జరగవచ్చు.

మీడియన్ నాడి: చేతి మధ్యగా దిగి, మణికట్టులోని ఇరుకు సొరంగం గుండా అరచేతిలోకి వెళుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శనిస్తుంది. రాత్రిపూట ఈ వేళ్ళు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే సొరంగంలో ఈ నాడి నలుగుతున్నదేమో చూపించుకోవాలి.

అల్నర్ నాడి: మోచేతి లోపలి ఎముక వెనుక, చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. మోచేయి గడపకు తగిలితే జివ్వుమనేది ఇదే. చిటికెన వేలికి స్పర్శను, వేళ్ళను విడదీసే బలాన్ని ఇస్తుంది.

పిల్లలు ఆడే "రాయి, కాగితం, కత్తెర" ఆటతో ఈ నాడులను ఇంటిలోనే కొంతవరకు పరీక్షించవచ్చు. పిడికిలి బిగించి రాయి చూపడం మీడియన్ నాడి పని. చేయి చాపి కాగితం చూపడం రేడియల్ నాడి పని. వేళ్ళు విడదీసి కత్తెర చూపడం అల్నర్ నాడి పని. వీటిలో ఏది చేయలేకపోయినా, ఏ వేలికి స్పర్శ లేకపోయినా ఆ మాట వైద్యునికి తప్పక చెప్పండి.

ఒక హెచ్చరిక: చేయి ఉన్నట్టుండి పడిపోయి, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది చేతి నాడి జబ్బు కాదు, పక్షవాతం కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

కట్టు బిగిస్తే

చెట్టు మీద నుండో, గోడ మీద నుండో పడిన పిల్లలలో మోచేతికి కాస్త పైన ఎముక విరగడం ఎక్కువగా చూస్తాము. ఆ ఎముకకు ముందే ధమని, మీడియన్ నాడి ఉంటాయి. విరిగిన ఎముక మొన వాటిని నొక్కవచ్చు. ఆ పైన వాపు వస్తుంది. దాని మీద వెదురు బద్దలతో బిగించి కట్టినా, పిండి కట్టు బిగువైనా రక్తం బయటికి పోదు. లోపల ఒత్తిడి పెరిగి చివరకు కండలకు రక్తం అందదు. సుమారు 6 గంటలు రక్తం అందకపోతే కండ తిరిగి కోలుకోవడం కష్టం. చచ్చిన కండ ఎండి ముడుచుకొని వేళ్ళు గోళ్ళవలె వంకర పోతాయి. 1881లో జర్మనీ వైద్యుడు వోల్క్‌మన్ దీనిని వివరించాడు; నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది.

మన పల్లెల నుండి ఒంగోలుకో, నంద్యాలకో, గుంటూరుకో ప్రయాణ సమయం కూడా ఆ 6 గంటలలోనే కలుస్తుంది. కట్టు కట్టిన మొదటి రెండు రోజులు ఇవి గమనించండి:

- గంట గంటకు పెరుగుతూ, మందులకు తగ్గని నొప్పి.
- వేళ్ళను మీరు మెల్లగా చాపితే బిడ్డ భరించలేక ఏడవడం.
- వేళ్ళు తిమ్మిరెక్కడం, కదలకపోవడం.
- వేళ్ళు పాలిపోవడం, నీలంగా మారడం, చల్లబడడం.

వీటిలో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. "నాడి కొట్టుకుంటోంది గదా" అని ఆగవద్దు. లోపల కండ చస్తున్నా మణికట్టు దగ్గర నాడి కొంతసేపు అందుతూనే ఉంటుంది.

పాము కరిచినప్పుడు తాడుతో బిగించి కట్టడం వలన కూడా ఇదే నష్టం కలుగుతుంది. నల్లమల అంచు గ్రామాలవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. తాడు వద్దు, కోత వద్దు. గాజులు, ఉంగరాలు తీసి, చేయి కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

చేయి తెగితే

- శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కి పట్టండి. 10 నిమిషాలు మధ్యలో తీసి చూడవద్దు. చేయి పైకెత్తి ఉంచండి.
- కాఫీ పొడి, పసుపు, సున్నం వేయవద్దు.
- లోపల గుచ్చుకున్న గాజు లేక పలక ముక్కను లాగవద్దు.
- నొక్కినా ఆగకుండా రక్తం చిమ్ముతుంటే మాత్రమే, ప్రాణం కాపాడడానికి, గాయానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి, కట్టిన సమయం వ్రాసి ఉంచండి.
- వేలు తెగి పడితే దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు నీళ్ళలో పెట్టి తీసుకురండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

కుట్టిన నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు నుండి వేలి కొస వరకు స్పర్శ రావడానికి ఆరు నెలలో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. అంతవరకు వ్యాయామం మానకూడదు. స్పర్శ లేని వేళ్ళను పొయ్యి, వేడి గిన్నెల నుండి కాపాడాలి.

స్పర్శ పోతే ఉపేక్షించవద్దు

కుష్ఠు వ్యాధి అల్నర్ నాడిని ఎక్కువగా పట్టుకుంటుంది. ఆ చేతికి కాలినా, కోసుకున్నా తెలియదు. పుండ్లు పడి వేళ్ళు అరిగిపోవడానికి ముఖ్య కారణం ఈ స్పర్శ లేకపోవడమేనని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. టెండాన్లను మార్చి కుట్టి వంకర వేళ్ళను మళ్ళీ పనికి తెచ్చారు. స్పర్శ లేని మచ్చ గాని, చిటికెన వేలి తిమ్మిరి గాని ఉంటే ఆలస్యం చేయకండి. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. నాడి పూర్తిగా దెబ్బతినక ముందే వాడితే చేయి దక్కుతుంది.

వైద్యుని ఇలా అడగండి

"నరం తెగింది" అని ఎవరు చెప్పినా మీరు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. తెగినది రక్తనాళమా, నాడా, టెండానా? ఇక్కడ కుడతారా, పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలా? ఎంత సమయంలోపు వెళ్ళాలి? కుట్టిన తరువాత వ్యాయామం ఎప్పుడు మొదలు పెట్టాలి? ఈ నాలుగింటికి జవాబు తెలుసుకోకుండా ఇంటికి బయలుదేరవద్దు.