చిల్లర లెక్క

శాతముల మీద ఏదైనా వ్రాయమని లెక్కల మేడమ్ గారు చెప్పినారు. పుస్తకంలో లెక్క అందరికీ వచ్చు కాబట్టి మా ఇంట్లో జరిగిన లెక్క వ్రాయుచున్నాను.

మా అమ్మమ్మ సంతలో కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు అమ్ముతుంది. నోట్లు ఇంటి ఖర్చుకి పోతాయి, చిల్లర మట్టి ముంతలో పడుతుంది. మా అమ్మకి జ్వరం వచ్చిన ఏడు పెద్ద ఇత్తడి బిందె తాకట్టు పెట్టేశారు. అది విడిపించాలంటే వడ్డీతో కలిపి 1,650 రూపాయలు కావాలి. అందుకే ఆ ముంత.

దసరా సెలవుల్లో ముంత చాప మీద బోర్లించినాము. అమ్మమ్మ చదువుకోలేదు గాని పుంజీలు లెక్కపెడుతుంది. పుంజీ అంటే నాలుగు. ఐదు పుంజీలు ఇరవై, ఇరవై అయిదు పుంజీలు వంద. వేళ్లతో తడిమి గబగబా వేరు చేస్తుంది. అక్కడే తప్పు జరిగింది. 1992 తరువాత వచ్చిన పాత స్టీలు రూపాయి, 2011 నుంచి వచ్చిన రెండు రూపాయల బిళ్ల రెండూ 25 మిల్లీమీటర్ల వెడల్పే, రెండూ 4.85 గ్రాముల బరువే. చేతికి తేడా తెలియదు. చీకట్లో ఎన్నిసార్లు రెండు ఇచ్చి ఒకటి అనుకుందో పాపం. నేను కళ్లతో చూసి, పదేసి దొంతరలు పెట్టి, పది దొంతరలకి ఒక గీత గీసినాను. వచ్చిన లెక్క ఇది: రూపాయి బిళ్లలు 312, రెండు రూపాయలవి 146, ఐదువి 87, పదివి 64, ఇరవైవి 3, అర్ధరూపాయలు 14. మొత్తం 1,746 రూపాయలు. పావలాలు 9 ఉన్నాయి గాని అవి 2011 జూన్ 30 తో చెల్లకుండా పోయినవి.

సంతలో ఒక వ్యాపారి చిల్లర తీసుకుంటానన్నాడు. "నూటికి పది కోసుకుని తొంభై ఇస్తాను, పది బిళ్లలు మాత్రం వద్దు, అవి చెల్లవు" అన్నాడు. అమ్మమ్మ "అంతేనేటి, ఇచ్చేద్దాం లే" అంది. నేను అక్కడే లెక్క వేసినాను. పది బిళ్లలు కూడా తీసుకున్నాడే అనుకుందాం. 1,746 లో నూటికి పది అంటే 174 రూపాయల 60 పైసలు. మిగిలేది 1,571 రూపాయల 40 పైసలు. బిందె రాదు! "వద్దు అమ్మమ్మా, పద" అని ముంత ఎత్తుకున్నాను. మూడు కేజీల దాకా బరువుంది.

మండలంలో ఒక బ్యాంకుకి వెళితే "ఇంత చిల్లర లెక్కపెట్టడానికి మనుషులు లేరు" అని పంపించేసినారు. అమ్మమ్మకి ఖాతా ఉన్నాది, అయినా గుమ్మం దగ్గరే ఆపినారు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఏమీ మాట్లాడలేదు.

హాస్టలుకి వచ్చాక మేడమ్ గారిని అడిగినాను. అప్పుడు తెలిసినవి వ్రాస్తున్నాను, చదవండి. నాణేల చట్టం 2011 లో వచ్చింది. దాని ప్రకారం రూపాయి, ఆపైన బిళ్లలు ఒకసారికి వెయ్యి రూపాయల వరకు ఎవరికైనా ఇవ్వవచ్చు, అర్ధరూపాయలు పది రూపాయల వరకు. ఇది కొట్లో ఇచ్చేదానికి. బ్యాంకులో మన ఖాతాలో వేసుకోవడానికి పరిమితి లేదు, తీసుకోవాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. వందేసి బిళ్లలు పాలిథీన్ కవర్లలో కడితే ఇద్దరికీ సులువని కూడా చెప్పింది. అప్పటికి వచ్చిన పది రూపాయల బిళ్లలు 14 రకాలు, అన్నీ చెల్లుతాయని 2018 లోనే ప్రకటించింది. రూపాయి గుర్తు లేనిదీ చెల్లుతుంది, గీతలు తక్కువున్నదీ చెల్లుతుంది.

రూపాయి, రెండు రూపాయల బిళ్లలు తూకం వేసి కూడా తీసుకోవచ్చునట. కాని 2011 రకం రూపాయి 3.79 గ్రాములు, 2019 రకం 3.09 గ్రాములు. వంద బిళ్లలకి 70 గ్రాములు తేడా. కలిపి తూస్తే లెక్క తప్పుతుంది. అందుకని నేను లెక్కపెట్టడమే మంచిదనుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో వందేసి కవర్లు కట్టి, పైన కాగితం మీద అంకె వ్రాసి, సంత లేని రోజు మధ్యాహ్నం మళ్లీ అదే బ్యాంకుకి వెళ్లినాము. ఈసారి నేరుగా మేనేజరు సారు దగ్గరికి వెళ్లి, "ఖాతాలో వేస్తామండి, లెక్క ఇదండి" అని కాగితం ఇచ్చినాను. చేతులు వణికినాయి. ఆయన కాగితం చూసి, కవర్లు చూసి, లోపలికి పిలిచినారు. గంటసేపు లెక్కపెట్టినారు. ఒక రూపాయి కవరులో 99 ఉన్నాయి. సిగ్గు వేసింది. పాస్‌బుక్కులో 1,745 పడింది. ఆ ఒక్క రూపాయి ఇంటి దగ్గర చాప కింద దొరికింది.

బిందె వచ్చింది. అడుగున చిన్న సొట్ట పడింది గాని నీళ్లు కారడం లేదు. పావలాలు తొమ్మిదీ అమ్మమ్మ పారేయనియ్యలేదు. మా తమ్ముడికి ఆడుకోవడానికి ఇచ్చింది. వాటిలో కొన్నిటికి సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంది, అవి మన హైదరాబాదు టంకశాలలో అచ్చయినవి.

మన గేటు దగ్గర బఠాణీల బండి ఆయన పది బిళ్ల తీసుకోనంటున్నాడు కదా. ఆదివారం ఎవరైనా నాతో వస్తే ఆయనకి ఈ కాగితం చదివి వినిపిద్దాము.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని