కూర డబ్బా, టీ కవరు, పాల సీసా

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పెదకాకాని. మా అబ్బాయి హైదరాబాదు నుంచి మైక్రోవేవ్ ఓవెన్ కొని పంపాడు. ఫ్రిజ్‌లో కూర పెట్టిన ప్లాస్టిక్ డబ్బానే అందులో పెట్టి వేడి చేస్తున్నాను. అలా తింటే క్యాన్సర్ వస్తుందని మా ఆడపడుచు అంటోంది. ఓవెన్ తీసి అటక మీద పడెయ్యమంటారా?
– ఒక గృహిణి

జవాబు: ఓవెన్‌ను ఉండనివ్వండమ్మా, డబ్బాను మార్చండి. ఓవెన్‌లోని తరంగాలు కూరలో ఉన్న తడిని కదిలించి వేడి పుట్టిస్తాయి. స్విచ్ ఆగగానే అవీ ఆగిపోతాయి, కూరలో ఏమీ మిగలవు. ప్లాస్టిక్‌ను ఓవెన్‌లో పెడితే డయాక్సిన్లు పుడతాయని ఒకప్పుడు ఈమెయిళ్లలో తిరిగిన పుకారే ఇప్పుడు వాట్సాప్‌కు ఎక్కింది. డయాక్సిన్లు పుట్టాలంటే మంట కావాలి, మండేదాంట్లో క్లోరిన్ ఉండాలి. ఊరి చివర చెత్తకుప్పకు నిప్పు పెట్టినప్పుడు వచ్చే పొగను చూసి భయపడండి, అందులో అర్థముంది.

అలాగని డబ్బా మంచిదనడం లేదు. మీ డబ్బా కడిగి వెలుతురులో పట్టి చూడండి. కూర అంచు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఎర్రటి గీత ఉంటుంది, ఎంత తోమినా పోదు. వేలితో తడిమితే గరుకుగా, చిన్న చిన్న గుంటలు పడి ఉంటుంది. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆగుతాయి. పైన తేలే కారపు నూనె అంతకంటే వేడెక్కి ప్లాస్టిక్‌ను కొరుకుతుంది. మన గుంటూరు వంటకు నూనె, కారం, చింతపండు పులుపు మూడూ ఎక్కువే కదా! ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు ఊరడానికి వేడి, నూనె, పులుపు తోడైతే చాలు.

ఆ రసాయనాల్లో ముఖ్యమైనవి బిస్ఫినాల్-ఏ, థాలేట్లు. ఇవి ఒంట్లో హార్మోన్ల పనిలో వేలు పెడతాయి. అందుకే గర్భిణుల విషయంలో, పసిపిల్లల విషయంలో నేను గట్టిగా చెబుతాను. రోజూ ఎంతవరకు పరవాలేదన్న బిస్ఫినాల్-ఏ పరిమితిని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. అదే ఏడు అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు ప్లాస్టిక్ డబ్బాలను మూడు నిమిషాలు ఓవెన్‌లో పెట్టి చూశారు. కొన్నిటిలో చదరపు సెంటీమీటరుకు 42 లక్షల దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు రాలాయి, అంతకన్నా సన్నవి 200 కోట్లు దాటాయి. ఓవెన్ వాడినందువల్లే ఫలానా మనిషికి క్యాన్సర్ వచ్చిందని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. మీ ఆడపడుచుకు ఆ మాట చెప్పండి.

డబ్బా మీద ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ఉంటే అది కరగదని, వంకర పోదని అర్థం. రేణువులు రాలవని హామీ కాదు. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్నది వేడికి కాస్త ఓర్చుకుంటుంది. 3, 6, 7 ఉన్నవి ఓవెన్ దగ్గరికి రానివ్వకండి. ఐస్‌క్రీం డబ్బాలు, స్వీటు డబ్బాలు, బిర్యానీ పార్శిల్ డబ్బాలు కడిగి దాచుకోవడం మనకు అలవాటు. పప్పులూ పోపుదినుసులూ పోసుకోండి, వేడి చేయడానికి వద్దు. కూరను ఓవెన్‌కు పనికొచ్చే గాజు గిన్నెలోకి గానీ, బంగారు అంచు లేని పింగాణీ గిన్నెలోకి గానీ మార్చి పెట్టండి. మధ్యలో ఒకసారి కలిపి, పొగలు వచ్చేదాకా వేడి చేయండి. ఓవెన్ ఒకచోట కాల్చి ఇంకోచోట చల్లగా వదిలేస్తుంది, ఆ చల్లటి చోట క్రిములు చావవు. నిన్నటి కూర తిని వాంతులతో వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. మిరపకోతలప్పుడు కూలీలకు హోటల్ నుంచి టీ కవరులో కట్టించి, పేపర్ కప్పులతో పాటు చేనుకు పంపుతాం. మాకు ఈ బాధ లేనట్టే కదా?
– ఒక రైతు

జవాబు: మీకే ఎక్కువండీ. కూర ఓవెన్‌లో ఉండేది రెండు మూడు నిమిషాలు. మరుగుతున్న టీ పల్చటి కవరులో హోటల్ నుంచి చేను గట్టుదాకా ప్రయాణం చేస్తుంది. కవరు మెత్తబడి సాగడం మీరూ చూసే ఉంటారు. పేపర్ కప్పుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీ కారిపోతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో పరీక్షిస్తే, వేడి ద్రవం పోసిన పావుగంటలో 100 మిల్లీలీటర్లకు 25,000 రేణువులు దిగాయి. రోజుకు మూడు నాలుగు కప్పులు తాగే కూలీ లెక్క మీరే వేసుకోండి. మన ఊళ్లకు సంబంధించినంతవరకు ఓవెన్ కన్నా టీ కవరే పెద్ద సమస్యని నా అభిప్రాయం. మూతున్న స్టీలు క్యాను ఒకటి, స్టీలు గ్లాసులు పాతిక కొనండి. సాంబారుకూ క్యారేజీయే పంపండి.

ప్రశ్న: మా పాపకు అయిదో నెల. పాలు చాలక డబ్బాపాలు పడుతున్నాం. పాలసీసాను ఓవెన్‌లో వేడి చేయవచ్చా?
– ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. సీసా చేతికి గోరువెచ్చగా తగులుతుంది, లోపల పాలు ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి. పైగా ప్లాస్టిక్ పాలసీసాల్లో వేడినీళ్లు పోసి కదిపితే లీటరుకు కోటీ అరవై లక్షల దాకా రేణువులు వస్తాయని 2020లో డబ్లిన్ ట్రినిటీ కళాశాల వాళ్లు తేల్చారు. కాచిన వేడినీళ్లతో పాలపొడిని స్టీలు గిన్నెలో కలిపి, గోరువెచ్చగా అయ్యాక ఉగ్గుగిన్నెతో పట్టండి. గిన్నెనూ ఉగ్గుగిన్నెనూ ప్రతిసారీ నీళ్లలో మరిగించండి. మిగిలిన పాలు దాచి మళ్లీ వేడి చేయకండి, పారబోయండి. పాలు చాలడం లేదని ఎలా అనుకుంటున్నారో ఒకసారి పాపను తీసుకొచ్చి చెప్పండి. బరువు సరిగ్గా పెరుగుతుంటే డబ్బా అవసరమే లేకపోవచ్చు.