పాఠం 11: ఈ-మెయిలు వైరస్‌లు - బృంద సభ్యుల రక్షణ

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ-మెయిలు ద్వారా వైరస్ ఎలా వ్యాపిస్తుందో వివరించగలుగుతారు. అనుమానించవలసిన ఫైలును గుర్తించగలుగుతారు. మీ బృందంలోని వారికి హాని కలగకుండా ఉత్తరాలు పంపగలుగుతారు.

11.1 ఒక ఉదాహరణ

ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుంచి బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ ఊరి లాల్‌ఖదాన్‌లో పన్నెండుమంది కలిసి పాతకాలపు అట్ట టికెట్లు సేకరిస్తున్నారనుకుందాం. ఎక్కువమంది పింఛనుదారులు. ఎవరికైనా కొత్త టికెట్టు దొరికితే ఫోటో తీసి మిగిలిన పదకొండుమందికీ ఈ-మెయిలులో పంపుతారు. ఒకరోజు ఒక సభ్యుని పేరుతో అందరికీ ఉత్తరం వచ్చింది: "చాలా పాత టికెట్టు దొరికింది, చూడండి." దానికి ఒక ఫైలు జతచేసి ఉంది.

తెలిసిన మనిషి, ఇష్టమైన విషయం. ఎవరు తెరవకుండా ఉంటారు? వైరస్ తయారుచేసేవారు నమ్ముకున్నది సరిగ్గా ఈ చనువునే.

11.2 వైరస్ ఎలా పాకుతుంది?

వైరస్ అంటే ఒక ప్రోగ్రాము. ఉత్తరం వచ్చి పెట్టెలో పడినంత మాత్రాన సాధారణంగా అది పనిచేయదు. జతచేసిన ఫైలును మనం తెరిచినప్పుడు పని మొదలుపెడుతుంది. 1999 మార్చి 26న బయటపడిన 'మెలిస్సా' ఒక వర్డ్ పత్రంలో దాగి వచ్చింది. పత్రం తెరిచినవారి ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలోంచి మొదటి యాభై చిరునామాలకు తనను తానే పంపుకొంది. అందుకున్న ప్రతివారికీ అది స్నేహితుని ఉత్తరంగానే కనిపించింది.

మరుసటి సంవత్సరం, 2000 మే 4న, ఫిలిప్పీన్స్ నుంచి 'ఐ లవ్ యూ' బయలుదేరింది. ఇది యాభైతో ఆగలేదు; పుస్తకంలో ఉన్న అందరికీ వెళ్లింది. దాని ఫైలు పేరు చివర 'టి.ఎక్స్.టి.', దాని తరువాత 'వి.బి.ఎస్.' ఉండేవి. విండోస్ మామూలుగా చివరి భాగాన్ని చూపదు కనుక అది వట్టి అక్షరాల పత్రంలా కనిపించింది. నిజానికి అది ప్రోగ్రాము. ఇంకొక సంగతి మన టికెట్ల బృందం ప్రత్యేకంగా గమనించాలి: ఆ వైరస్ కంప్యూటరులోని జె.పి.జి. ఫోటోలను చెరిపి, వాటి స్థానంలో తన నకళ్లు పెట్టింది. వేరే ప్రతి లేనివారి ఫోటోలు పోయినట్లే.

తయారుచేసిన వ్యక్తిని శిక్షించడానికి అప్పట్లో ఆ దేశంలో తగిన చట్టం లేదు. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో వైరస్ ప్రవేశపెట్టడాన్ని దాని 43వ సెక్షను ప్రస్తావిస్తుంది.

దారులు ఇప్పుడు మారాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన పత్రాల్లోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే ఆపేస్తున్నది. అందుకని పాస్‌వర్డు పెట్టిన జిప్ ఫైళ్లు వస్తున్నాయి. తాళం వేసిన పెట్టె లోపలికి యాంటీవైరస్ తొంగిచూడలేదు. ఫోనుల్లోనైతే పెళ్లి శుభలేఖ పేరుతో ఏ.పి.కె. ఫైళ్లు పంపుతున్నారని 2024లో పోలీసులు హెచ్చరించారు.

పాఠ్యాంశ ప్రశ్నలు 11.1
1. మెలిస్సా ఎన్ని చిరునామాలకు వెళ్లేది?
2. 'టికెట్టు.జె.పి.జి.ఇ.ఎక్స్.ఇ.' - ఇది ఫోటోయా, ప్రోగ్రామా? ఎలా చెప్పగలరు?

11.3 బృందం ఏమి చేయాలి?

పోస్టు కవరు వెనుక పంపినవారి పేరు ఎవరైనా రాయవచ్చు కదా! ఈ-మెయిలులోనూ అంతే. కనుక పేరు చూసి నమ్మవద్దు. అనుకోని ఫైలు వస్తే ఫోను చేయండి: "గురువుగారూ, మీ పేరుతో నాకొక ఉత్తరం వచ్చింది, మీరే పంపారా?" ఇందులో మొహమాటం అక్కరలేదు. నా దృష్టిలో డబ్బుపెట్టి కొన్న యాంటీవైరస్ కన్నా ఈ అలవాటు విలువైనది.

ఫోటోలు జె.పి.జి. రూపంలోనే పంపుకోవాలని అందరూ కలిసి అనుకోండి. అప్పుడు జిప్, ఇ.ఎక్స్.ఇ., ఏ.పి.కె. ఏది వచ్చినా అది బృందానిది కాదని వెంటనే తెలుస్తుంది. విండోస్‌లో ఫైలు పేర్ల చివరి భాగం కనిపించేలా అమర్చుకోండి. అందరికీ ఒకేసారి రాసేటప్పుడు చిరునామాలను బి.సి.సి. గడిలో పెట్టండి, ఒకరి ఉత్తరం పరుల చేతిలో పడినా మిగతావారి చిరునామాలు పడవు. సేకరణ మొత్తానికి ఒక ప్రతి తీసి, కంప్యూటరుకు తగిలించి ఉంచకుండా విడిగా దాచండి.

"భయంకరమైన వైరస్ వస్తోంది, అందరికీ చెప్పండి" అనే ఉత్తరాలనూ ముందుకు పంపకండి. 1994 నుంచి తిరిగిన 'గుడ్ టైమ్స్' హెచ్చరిక ఇటువంటిదే; అటువంటి వైరస్సే లేదు.

ఎవరైనా ఫైలు తెరిచేస్తే? ముందు ఇంటర్నెట్ తీసేయాలి. తరువాత మిగతా సభ్యులకు ఫోనులో చెప్పాలి, ఈ-మెయిలులో కాదు. పాస్‌వర్డులు వేరే కంప్యూటరు నుంచి మార్చాలి. వైరస్ తొలగించే ఉచిత సాధనాలు, 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా లభిస్తాయి. ఖాతాలో డబ్బు పోతే 1930కి వెంటనే ఫోను చేయాలి. పెద్దవయసువారు సిగ్గుపడి రెండు మూడు రోజులు దాచిపెడతారు. ఆలోగా మిగిలినవారు కూడా ఫైలు తెరిచేస్తారు. తెరిచినవారిని ఎగతాళి చేయకూడదన్న నియమం బృందంలో ముందే ఉండాలి.

చేసి చూడండి: మీ పెట్టెలోని చివరి పది ఉత్తరాలు తీయండి. ఫైలు జతచేసినవి ఎన్ని? వాటి పేర్ల చివరి భాగాలను నోటుపుస్తకంలో రాసి, మీరు ఎదురుచూడనివాటికి ఎదురుగా గుర్తు పెట్టండి. వాటిని పంపినవారికి ఈ రోజే ఫోను చేయండి.