కథ చదివే గొంతుకు మార్కులు వేద్దామా?

మన బడి పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడమే కష్టం. అందుకే కారులో వెళ్లేటప్పుడు మంచి నవలలు వినిపించమని తల్లిదండ్రులకు మేమే చెబుతుంటాం. అయితే ఒక్క సంగతి మరువకూడదు. చదవడం రాని పిల్లలకు ఆ గొంతే పుస్తకం. అక్కడ తప్పు దొర్లితే వాళ్లకు అదే ఒప్పయిపోతుంది.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' తీసుకుందాం. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగలితుర్రు కుర్రవాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండు వెళ్లే కథ. ఇలాంటి నవల ఎవరు చదివినా నాలుగు విషయాలు చూద్దాం.

1. ఉచ్చారణ: 'కళ్లు' అనాల్సినచోట 'కల్లు' అంటే ముఖం మీద ఉండాల్సినవి ముంతలోకి పోతాయి! 'చేప'లో చ వేరు, 'చుక్క'లో చ వేరు. రాసేది ఒకే అక్షరం కాబట్టి ఈ తేడా చెవితోనే పట్టుకోవాలి. యాసకు మాత్రం మార్కులు తగ్గించకండి. గోదావరి, తెలంగాణ, రాయలసీమ, అన్నీ మనవే.

2. విరుపు: 'ముసలి రాజుగారి గుర్రం'. 'ముసలి' దగ్గర ఆగితే గుర్రం ముసలిది. 'రాజుగారి' దగ్గర ఆగితే రాజుగారే ముసలివారు!

3. హాస్యం: పార్వతీశం తన కథ తానే చెప్పుకుంటాడు. చదివేవారు మనకంటే ముందు నవ్వేస్తే మనకు నవ్వు రాదు. అమాయకంగా, నిబ్బరంగా చదవాలి.

4. పూర్తి పాఠం: ఒకసారి తరగతిలో పుస్తకం ముందు పెట్టుకుని ఒక పాత నవల విన్నాం. గొంతు తేనెలా ఉంది, వెనుక వీణ. మేమంతా మైమరచి వింటుంటే ఒక పాప చేయెత్తి, "టీచర్, రెండు వాక్యాలు వదిలేశారు" అంది. చూస్తే నిజమే. కష్టమైన మాటలున్న వాక్యాలే ఎగిరిపోయాయి! ఇంట్లో వినపడని ఆ మాటల కోసమే కదా మనం నవల వినిపించేది? అప్పటినుంచి తియ్యని గొంతు వినగానే మార్కులు వేయడం మానేశాం. ముందు పది నిమిషాలు పుస్తకంతో సరిచూస్తున్నాం.

ఇంటిపని: అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, ఒక పేజీ చదివించుకుని రికార్డు చేయండి. ఒక్కో అంశానికి 5 చొప్పున 20 మార్కులకు వేయండి. తక్కువ వేస్తే తర్వాత జరిగేదానికి మా పూచీ లేదు!